కిటికీ యాంటెనానా, ఇంటి కప్పు మీది యాంటెనానా?

అమెరికాలోని డల్లాస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు స్థానిక చానళ్లను చందా లేకుండా చూడాలనుకుంటే, ముందుగా తేల్చుకోవలసింది యాంటెనాను ఎక్కడ అమర్చాలన్నదే. అక్కడి ప్రధాన ప్రసార టవర్లు నగరానికి నైరుతిలో, సీడార్ హిల్‌లో ఉన్నాయి.

కిటికీకి అంటించే పలుచని యాంటెనా చవక, అద్దె ఇంటికి అనువు. టవర్లకు దగ్గరగా ఉండి, కిటికీ ఆ దిక్కుకే ఉన్నవారికి తరచుగా అదే సరిపోతుంది. అయితే ఇటుక గోడలూ, లోహపు పూత ఉన్న అద్దాలూ సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. పాత అనలాగ్ ప్రసారంలో సిగ్నల్ తగ్గితే చుక్కల మధ్యనైనా బొమ్మ కనిపించేది. డిజిటల్‌లో ఒక హద్దు దాటి తగ్గితే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, ఆపై పూర్తిగా ఆగిపోతుంది. పైగా అక్కడి 8వ చానల్ పొడవైన తరంగాలు వాడే పౌనఃపున్య శ్రేణి అయిన వీహెచ్ఎఫ్‌లో వస్తుంది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 1.6 మీటర్లు కాబట్టి, చిన్న యాంటెనాకు అది సులభంగా చిక్కదు.

టవర్లకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని ఫ్రిస్కో వంటి చోట నేను నిస్సందేహంగా కప్పు మీది యాంటెనానే ఎంచుకోమంటాను. ఎత్తు పెరిగేకొద్దీ చెట్లు, ఇళ్ల అడ్డు తగ్గుతుంది. వీహెచ్ఎఫ్, అంతకంటే పొట్టి తరంగాల శ్రేణి అయిన యూహెచ్ఎఫ్ రెండింటికీ పనికివచ్చే రకాన్ని కొని టవర్ల వైపు తిప్పాలి. పిడుగుల ప్రాంతం కనుక ఎర్తింగ్ తప్పనిసరి. సొంత ఇంటి కప్పు మీద యాంటెనాను గృహ యజమానుల సంఘం నిషేధించకుండా సమాఖ్య నిబంధన రక్షణ ఇస్తుంది. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి పైకప్పుకు మాత్రం అది వర్తించదు.