హెడ్‌లైట్లకు రిలే వైరింగ్: మూడేళ్ల వాడకం తర్వాత

మా 2006 నాటి హ్యాచ్‌బ్యాక్‌కు హెడ్‌లైట్ రిలే వైరింగ్ కిట్ వేయించి మూడేళ్లు దాటింది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్. అది లేని రోజుల్లో చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద రాత్రిపూట ఎదురుబండి దాటిపోయాక, మన లైట్లు అసలు వెలుగుతున్నాయో లేదో దిగి చూసుకోవాలనిపించేది.

కిట్ వేయించకముందు ఒక దుకాణదారు మాట విని, 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, డిమ్‌కు 55) బల్బులు తీసేసి 100/90 వాట్లవి పెట్టించాను. రోడ్డు మీద అవి నిబంధనలకు విరుద్ధమన్న సంగతి అలా ఉంచితే, నాలుగు నెలలకే హోల్డరు మాడి, ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ కరిగి బల్బుకు అతుక్కుపోయింది.

లోపం బల్బులో లేదని మల్టీమీటరు పెట్టాకే తెలిసింది. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులుంటే, బల్బు హోల్డరు దగ్గర 11.9 మాత్రమే ఉన్నాయి. డిమ్‌లో రెండు బల్బులూ కలిసి లాగే సుమారు 9 ఆంపియర్లు సన్నని పాత వైర్ల గుండా, అరిగిన స్విచ్ గుండా రావలసి ఉండడమే అందుకు కారణం. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది.

రాణిగంజ్‌లో కొన్న కిట్‌లో రెండు రిలేలు, ఫ్యూజు, సిరామిక్ హోల్డర్లు, లావుపాటి వైరు ఉన్నాయి. పాత కనెక్టరు ఇప్పుడు రిలేను పనిచేయించడానికే. బల్బుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. మామూలు 60/55 బల్బులతోనే హోల్డరు దగ్గర 13.6 వోల్టులు వచ్చాయి, గుంతలు ముందుగానే కనిపించాయి.

ఇబ్బందులు లేకపోలేదు. బల్బులు ఇదివరకటికన్నా త్వరగా పోతున్నాయి. ఎలక్ట్రీషియన్ రిలేను పిన్నులు పైకి ఉండేలా బిగించడంతో మొదటి వానాకాలంలోనే నీరు దిగి తుప్పు పట్టింది. తిరగేసి బిగించాక ఆ బాధ లేదు. పచ్చబడిన లెన్సులను 1000, 2000 నంబరు వాటర్ పేపర్లతో (తడిపి రుద్దే గరుకు కాగితాలు) రుద్ది పాలిష్ పెట్టించాను కాని, పైన ఎండను తట్టుకునే యూవీ పూత వేయించకపోవడంతో మన ఎండలకు ఎనిమిది నెలల్లో మళ్లీ పచ్చబడ్డాయి. అది నా పిసినారితనమే. ఎల్ఈడీ బల్బులు పెట్టమన్నవారు చాలామంది. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో వాటి కాంతి చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుందని ఒప్పుకోలేదు.

పని పూర్తయిన రాత్రే మా అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడకు 7.5 మీటర్ల దూరంలో బండి నిలిపి, డిమ్ పైఅంచు బల్బు ఎత్తుకన్నా 7.5 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా మరలు తిప్పి సరిచేశాను. అందుకోసం గీసిన సుద్దగీత ఇప్పటికీ గోడ మీదే ఉంది, బల్బు మార్చినప్పుడల్లా అక్కడే సరిచూసుకుంటున్నాను.