సెట్టింగ్‌లను కాపాడే చిన్న క్లాస్: ఫాక్స్‌ప్రోలో ఏళ్ల తరబడి వాడాక

డేటాబేస్ ప్రోగ్రాములు రాసుకునే మైక్రోసాఫ్ట్ వారి పాత భాష విజువల్ ఫాక్స్‌ప్రోని ఇంకా ఎవరు వాడుతున్నారని అడిగేవాళ్లు రాణిగంజ్‌లోనో బేగంబజార్‌లోనో ఓ హోల్‌సేల్ షాపు కౌంటర్ వెనక్కి తొంగి చూస్తే చాలు. కొత్త వెర్షన్ ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది. 2015 జనవరిలో సపోర్ట్ కూడా ఆపేసింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఇక ఇవన్నీ మూలపడతాయనుకున్నాం. పడలేదు. పన్ను లెక్కలు మార్చుకుని మళ్లీ నడుస్తున్నాయి. అలాంటి ప్రోగ్రాముల్ని చూసుకోవడమే నా పని. ఆఫీసులో కొత్తగా చేరే అమీర్‌పేట కుర్రాళ్లు "ఇంకా ఫాక్స్‌ప్రోనా అన్నా?" అంటారు. జీతం వాటి నుంచే వస్తోంది మరి.

ఈ పనిలో నేను రోజూ వాడేది పట్టుమని పాతిక లైన్లు లేని ఓ క్లాస్ (ఆబ్జెక్ట్‌లను తయారుచేసే అచ్చు). ప్రోగ్రామ్ సెట్టింగ్‌ని గుర్తుపెట్టుకుని, మార్చి, పనయ్యాక యథాస్థానంలో పెట్టడమే దాని పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒక్కో సెట్టింగ్‌కి ఒక్కో చిన్న క్లాస్‌గా వాడితే ఇంతకంటే నమ్మకమైనది దొరకదు. అన్నిటినీ ఒకే క్లాసులో కుక్కితే మాత్రం తలనొప్పే.

దీని అవసరం తెలియాలంటే నా చేతికొచ్చిన ఒక పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ సంగతి చెప్పాలి. అకౌంటెంట్ ఫోన్ చేసి, "సార్, పొద్దున డిలీట్ చేసిన బిల్లు సేల్స్ రిజిస్టర్‌లో మళ్లీ వచ్చి కూర్చుంది. పక్క సిస్టంలో చూస్తే లేదు" అనేవాడు. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే మాయం. నాలుగు రోజులాగి మళ్లీ ఫోన్.

ఫాక్స్‌ప్రోలో డిలీట్ చేసిన రికార్డు ఎక్కడికీ పోదు. దాని మీద గుర్తు పడుతుందంతే, ప్యాక్ కమాండ్ కొట్టి తుడిచేసేదాకా ఫైల్లోనే ఉంటుంది. సెట్ డిలీటెడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కనబడదు, ఆఫ్‌లో ఉంటే కనబడుతుంది. ఆ ప్రోగ్రామ్‌లో ఒక ప్రొసీజర్ (ఒక పని కోసం రాసిన కోడ్ ముక్క), కొట్టేసిన రికార్డుల్ని తిరిగి వాడుకోవడానికి మొదట్లో దాన్ని ఆఫ్ చేసి చివరి లైన్లో ఆన్ చేసేది. మధ్యలో ఒక ఇఫ్: రికార్డు లాక్ దొరక్కపోతే అక్కణ్నుంచే రిటర్న్, అంటే ప్రొసీజర్ నుంచి బయటికి. రెండో కౌంటర్‌వాళ్లు ఆ రికార్డు పట్టుకుని ఉన్న రోజున చివరి లైను దాకా ప్రోగ్రామ్ వెళ్లేదే కాదు. ఇక సాయంత్రం దాకా ఆ సిస్టంలో కొట్టేసిన బిల్లులన్నీ లెక్కలోకొచ్చేవి.

ప్రతి రిటర్న్‌కి ముందు పాత విలువ పెట్టే లైను రాయొచ్చు. రాశాక, రెండేళ్లకి ఇంకెవరో మరో రిటర్న్ చేరుస్తారు. క్లాస్ దారి వేరు. ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచే ఇనిట్‌లో, సెట్ ఫంక్షన్‌ని అడిగి ఇప్పటి విలువ ఒక ప్రాపర్టీలో దాచుకుంటాం, తర్వాత కొత్త విలువ పెడతాం. ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే డిస్ట్రాయ్‌లో దాచుకున్నది తిరిగి పెడతాం. ప్రొసీజర్ మొదట్లో, దానికి మాత్రమే చెందిన ఒక లోకల్ వేరియబుల్‌లో ఆ ఆబ్జెక్ట్‌ని తయారుచేస్తే సరి. ప్రొసీజర్ ఏ దారిన బయటికొచ్చినా లోకల్ వేరియబుల్ పోతుంది, దానితో ఆబ్జెక్ట్ పోతుంది, పోతూ పోతూ సెట్టింగ్‌ని సరిచేసి పోతుంది. పైథాన్‌వాళ్లు విత్‌తో, సీ షార్ప్‌వాళ్లు యూజింగ్‌తో చేసుకునే పనే ఇది. 1995లో వచ్చిన విజువల్ ఫాక్స్‌ప్రో 3 నుంచీ మాకు క్లాసులు ఉన్నాయి, వాడుకున్నవాళ్లే తక్కువ.

ఏం జరిగినా చివర్లో నడిచే కోడ్ రాసుకోవడానికి ట్రై, ఫైనల్లీ ఉన్నాయి కదా అనొచ్చు. వెర్షన్ 8 నుంచి ఉన్నాయి. కానీ ఫాక్స్‌ప్రోలో ట్రై లోపల రిటర్న్ రాయనివ్వదు, ఎర్రర్ ఇస్తుంది. రిటర్న్‌లు చెల్లాచెదురుగా ఉన్న పాత కోడ్‌ని అందులో ఇమడ్చాలంటే మొత్తం తిరగరాయాలి. క్లాసైతే పైన ఒక లైను చేరిస్తే చాలు, కింద దేన్నీ ముట్టుకోనక్కర్లేదు.

ఇక చిక్కులు. ఆబ్జెక్ట్‌ని వేరియబుల్‌లో పట్టుకోకుండా ఊరికే తయారుచేస్తే పుట్టిన క్షణమే పోతుంది, సెట్టింగ్ కూడా వెంటనే పాతదానికి వెళ్లిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. ఇది తొందరగానే దొరుకుతుంది లెండి. దొరకనిది ఇంకొకటుంది. ఆబ్జెక్ట్ ఉన్న వేరియబుల్‌లోనే మళ్లీ కొత్త ఆబ్జెక్ట్ పెడితే, ముందు కొత్తది పుడుతుంది, ఆ తర్వాతే పాతది పోతుంది. అంటే కొత్తది డిలీటెడ్‌ని ఆఫ్ చేసిన మరుక్షణం పాతది డిస్ట్రాయ్ అవుతూ దాన్ని ఆన్ చేసి పోతుంది. పైగా కొత్తది పుట్టేటప్పటికి సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది కాబట్టి అది దాచుకున్నదీ ఆఫే, అది పోయేటప్పుడు ఆఫ్ పెట్టి పోతుంది. రెండు చోట్లా తలకిందులే! లోకల్ అని ప్రకటించకపోతే వేరియబుల్ ప్రైవేట్ అవుతుంది, కింద పిలిచిన ప్రొసీజర్‌కీ కనబడుతుంది. అక్కడా అదే పేరు వాడితే ఇదే కథ. కాబట్టి లోకల్ తప్పనిసరి. అదే వేరియబుల్ మళ్లీ వాడాలంటే ముందు నల్ (ఖాళీ విలువ) పెట్టి, తర్వాత కొత్తది పెట్టాలి.

రెండో చిక్కు డేటా సెషన్, అంటే టేబుళ్లు, సెట్టింగ్‌లు విడిగా ఉండే గది లాంటిది. డిలీటెడ్, ఎగ్జాక్ట్, డేట్, సెంచరీ లాంటి సెట్టింగ్‌లు ఒక్కో సెషన్‌కి ఒక్కోలా ఉంటాయి. ఒక సెషన్‌లో పుట్టిన ఆబ్జెక్ట్ ఇంకో సెషన్‌లో ఉండగా పోతే, సరిచేసేది ఆ రెండోదాన్ని. మొదటిది అలాగే ఉండిపోతుంది. నా క్లాస్ పుట్టిన సెషన్ నంబర్ కూడా దాచుకుని, డిస్ట్రాయ్‌లో అక్కడికెళ్లి పని చేసి తిరిగి వస్తుంది. ఈ క్లాస్‌ని ఫాక్స్‌ప్రో ఇచ్చే మూల క్లాసుల్లో సెషన్ అనేదాని నుంచి తయారుచేయకూడదు, కస్టమ్ నుంచే చేయాలి. సెషన్‌దైతే దానికి సొంత ప్రైవేట్ సెషన్ ఉంటుంది, తన ఇంట్లో దీపం ఆర్పి వీధి చీకటైందనుకుంటుంది.

నిజానికి ఫారం (స్క్రీన్) ప్రైవేట్ డేటా సెషన్‌లో ఉంటే ఈ క్లాస్ అవసరం సగం తగ్గిపోతుంది. ఫారంతో పాటు దాని సెట్టింగ్‌లూ పోతాయి. అయితే ప్రతి కొత్త సెషన్ మన ఇష్టాలతో కాదు, డిఫాల్ట్‌లతో మొదలవుతుంది: డిలీటెడ్ ఆఫ్, తేదీ అమెరికన్ పద్ధతి. 05/06 అని టైప్ చేస్తే మన అకౌంటెంట్‌కి జూన్ 5, ఫాక్స్‌ప్రోకి మే 6. అందుకని మూల ఫారం తెరుచుకునేటప్పుడు నడిచే లోడ్‌లోనే ఇవన్నీ పెట్టేస్తాను.

రెండు పదాలు పూర్తిగా కలవాలా వద్దా అని చెప్పే ఎగ్జాక్ట్‌కి కూడా ఇదే క్లాస్ వాడుతున్నాను. అది ఆఫ్‌లో ఉంటే ఎడమవైపు ఎ10, కుడివైపు ఎ1 పెట్టి పోల్చినా సమానమే అంటుంది. గ్రూప్ కోడ్‌తో వెతకడానికి బాగుంటుంది, పార్టీ బాకీ చూసేటప్పుడు కొంప ముంచుతుంది. డేటాని వెతికే ఎస్‌క్యూఎల్ సెలెక్ట్ కమాండ్ మాత్రం ఎగ్జాక్ట్ మాట వినదు, దానికి సెట్ ఆన్సీ అనే వేరే సెట్టింగ్ చూసుకోవాలి.

ఉన్న సెట్టింగ్‌లన్నీ ఒకేసారి దాచి ఒకేసారి తిరిగి పెట్టే పెద్ద క్లాస్ కూడా కొన్నాళ్లు వాడి చూశాను. లూప్‌లో పిలిస్తే నెమ్మది. అది పెద్ద బాధ కాదు. ప్రొసీజర్ కావాలనే మార్చిన పాత్ (ఫైళ్లు వెతికే దారి) లాంటిదాన్ని కూడా వెనక్కి తిప్పేస్తుంది, ఎవరు తిప్పారో ఒక పట్టాన దొరకదు. తీసేశాను.

వర్క్ ఏరియాని (టేబుల్ తెరిచిన చోటు), రికార్డ్ నంబర్‌ని దాచే తమ్ముడు క్లాస్ ఒకటుంది, అదీ బాగానే పనిచేస్తోంది. టేబుల్ ఇంకా తెరిచే ఉందో లేదో చూసుకున్నాకే వెనక్కి వెళ్లాలి. ఏ రికార్డు మీద ఉన్నామో చూపే పాయింటర్ ఫైల్ చివర దాటి ఉన్నప్పుడు రికార్డ్ నంబర్ మొత్తం రికార్డుల కంటే ఒకటి ఎక్కువ చూపిస్తుంది. దాన్ని దాచుకుని, ఆ రికార్డుకి వెళ్లడానికి గో కమాండ్ కొడితే "రికార్డ్ ఈజ్ అవుటాఫ్ రేంజ్" అంటుంది, అదీ డిస్ట్రాయ్ మధ్యలో. అందుకే చివర దాటి ఉందా లేదా అన్నది విడిగా దాచుకుని, ఉంటే గో బాటమ్‌తో చివరి రికార్డుకి వెళ్లి, ఒక అడుగు ముందుకేసే స్కిప్ ఇస్తాను.