బెజవాడ మేడ మీద రంగు క్యారెట్లు: నాలుగు చలికాలాల తర్వాత

ప్యాకెట్ మీద బొమ్మ చూసి రెయిన్‌బో మిక్స్ కొనకండి. ఊదా, ఎరుపు, పసుపు, తెలుపు కలిపేసిన విత్తనమది, ఏ రకం జోరు దానిదే. ఒత్తుగా మొలిచినచోట చిన్న మొక్కలు పీకుతూ పోతే చివరికి జోరున్న ఒకటి రెండు రంగులే మిగులుతాయి. రంగులు విడివిడిగా కొనడం మేలు.

మన వేడికి బాగా నిలబడ్డవి పూసా అసిత, పూసా రుధిర. రెండూ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రకాలే. అసిత తొక్క నుంచి నడిబొడ్డు దాకా నలుపు. కాస్మిక్ పర్పుల్ పైకి ఊదా, కోస్తే నారింజ. చూడ్డానికి ముచ్చటే గానీ ఇక్కడ గడ్డ పొట్టిగా ఆగిపోతోంది. తెల్లది వట్టి చప్ప, ఇంకోసారి వెయ్యను.

అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్యలోపు విత్తాలి. గడ్డ ఊరడానికి 15–20 డిగ్రీలు కావాలి. ఆ చల్లదనం మనకు డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే కాస్త దొరుకుతుంది. ముందే వేస్తే తుఫాను వానకు విత్తనం కొట్టుకుపోతుంది. డిసెంబరు దాటాక వేస్తే ఊరే వేళకు మార్చి ఎండలు, గడ్డ పీచు, చేదు.

15 అంగుళాల లోతున్న గ్రో బ్యాగులో జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, వర్మీకంపోస్టు ఒకటి, గుప్పెడు వేపపిండి. వేపపిండి మానేస్తే నులిపురుగు పట్టి సన్నవేళ్ల మీద బుడిపెలు లేస్తాయి. గుంటూరు వైపు నల్లమట్టి ఒక్కటే నింపితే తడికి బంక, ఆరితే రాయి. గడ్డ దిగలేక వంకరపోతుంది. మాగని పేడ వేసినా, నారు పోసి నాటినా గడ్డకు రెండు కాళ్లొస్తాయి.

విత్తనం అర సెంటీమీటరు లోతుకు మించొద్దు. పైన తడి గోనెపట్ట కప్పి, ఆరో రోజు నుంచి పొద్దున్నే ఎత్తి చూడాలి. గడ్డిపరకల్లాంటి సన్నటి జోడాకులు కనబడ్డ సాయంత్రమే పట్ట తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి పడిపోతాయి. మూడు ఆకులొచ్చాక మొక్కకూ మొక్కకూ రెండంగుళాలు ఉండేలా కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరూ కదులుతుంది.

అన్నిటికన్నా ఇబ్బంది బోరు నీళ్లతో. క్యారెట్ ఉప్పుకు అసలు ఓర్చుకోదు. బ్యాగు అంచున తెల్లటి పొర కట్టి ఆకుల కొసలు మాడుతుంటే తెగులని మందు కొట్టకండి, నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లకే తేరుకుంది. రెండ్రోజులు ఎండగట్టి ఒకేసారి ముంచెత్తితే మాత్రం గడ్డ నిలువునా పగులుతుంది. భుజాలు బయటపడితే మట్టి ఎగదోయాలి, లేదంటే ఆ మేర పచ్చబడి చేదెక్కుతుంది.

విత్తిన 90–100 రోజులకు పీకొచ్చు. అసితను సాంబారులో వేశారో, ములక్కాడలతో సహా అంతా ఊదా! తురిమి పెరుగుపచ్చడి చేస్తే చక్కటి గులాబీ రంగు. హల్వాకు రుధిరే.