అమ్మ టీవీలో యాడ్స్ ఆపి రెండేళ్లు: స్మార్ట్‌ట్యూబ్‌తో నా అనుభవం

2024 ఫిబ్రవరి 22 సాయంత్రం. హన్మకొండలో మా ఇంట్లో అమ్మ టీవీ ముందు కూర్చుని యూట్యూబ్‌లో మేడారం లైవ్ చూస్తోంది. మోకాళ్ల నొప్పులతో ఆ ఏడు జాతరకు పోలేకపోయింది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొచ్చే వేళ, ఎస్పీ గాల్లోకి కాల్పులు జరిపి తల్లికి స్వాగతం పలికే ఘడియ. అమ్మ రెండు చేతులూ జోడించింది. సరిగ్గా అప్పుడే యాడ్ పడింది, స్కిప్ లేని యాడ్. అది అయ్యేసరికి కాల్పులు కూడా అయిపోయాయి. "తల్లి గుట్ట దిగిందా బిడ్డా?" అని అడిగింది, జోడించిన చేతులు దించకుండానే.

ఆ రాత్రే దారి వెతకడం మొదలుపెట్టాను.

మొదట రౌటర్‌లో డీఎన్‌ఎస్, అంటే సైట్ పేరును దాని ఇంటర్నెట్ అడ్రస్‌గా మార్చే సేవ, మార్చాను. చాలామంది చెప్పేది ఇదే. యాడ్స్ ఆపే యాడ్‌గార్డ్ వాళ్ల డీఎన్‌ఎస్ అడ్రస్ 94.140.14.14 పెట్టాక ఉచిత యాప్‌ల్లో వచ్చే బ్యానర్లు చాలావరకు పోయాయి. యూట్యూబ్ యాడ్స్ మాత్రం ఒక్కటీ ఆగలేదు. ఎందుకంటే డీఎన్‌ఎస్ చూసేది సర్వర్ పేరు ఒక్కటే. యూట్యూబ్‌లో మనం చూసే వీడియో, దాని మధ్యలో వచ్చే యాడ్, రెండూ గూగుల్‌వీడియో డాట్ కామ్ సర్వర్ల నుంచే వస్తాయి. ఆ పేరును ఆపితే యాడ్‌తో పాటు పాటా పోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ కొని, ఇదే పద్ధతిలో ఇంటి మొత్తానికి యాడ్స్ ఆపే పై-హోల్ పెట్టినా ఇంతే. యూట్యూబ్ కోసమే అయితే దాని మీద రూపాయి కూడా పెట్టకండి.

పని చేసింది స్మార్ట్‌ట్యూబ్. ఆండ్రాయిడ్ టీవీల కోసం యూరీ యులిస్కోవ్ అనే డెవలపర్ చేసిన ఉచిత యాప్. యాడ్ చూపించే భాగమే ఇందులో లేదు, కాబట్టి ఆపాల్సిన అవసరమే రాదు. ప్లే స్టోర్‌లో దొరకదు. డౌన్‌లోడర్ అనే యాప్ వేసుకుని, తెలియని యాప్‌లకు అనుమతి ఇచ్చి, డెవలపర్లు తమ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో ఆయన పేజీ నుంచి ఏపీకే, అంటే యాప్ ఫైల్, తెచ్చుకోవాలి. అదే పేరుతో దొంగ సైట్లు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. నాకు పావుగంట పట్టింది. టైజెన్ మీద నడిచే సామ్‌సంగ్, వెబ్‌ఓఎస్ మీద నడిచే ఎల్‌జీ టీవీల్లో ఇది ఎక్కదు. వాళ్లు ఒక ఆండ్రాయిడ్ స్టిక్ తగిలించుకోవాలి. ఇంకో మాట, ఇది యూట్యూబ్‌కు మాత్రమే. క్రికెట్ లైవ్‌లో ఓవర్ల మధ్య వచ్చే యాడ్స్‌కు దీనితో సంబంధం లేదు.

ఈ రెండేళ్లలో స్మార్ట్‌ట్యూబ్‌లో యూట్యూబ్ యాడ్ ఒక్కటీ కనబడలేదు. వీడియోలో యూట్యూబరే స్వయంగా చెప్పే ప్రచారాన్ని దాటేసే స్పాన్సర్‌బ్లాక్ కూడా ఇందులోనే ఉంది. ప్రచారం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చూసేవాళ్లు గుర్తులు పెడితేనే అది పనిచేస్తుంది. నేను చూసే తెలుగు వీడియోల్లో ఆ గుర్తులు చాలా తక్కువ.

ఇబ్బంది రిమోట్‌తో వచ్చింది. దాని మీదున్న యూట్యూబ్ బటన్ నొక్కితే పాత యాప్ తెరుచుకుంటుంది. అమ్మకు రెండింటికీ తేడా తెలియదు. మళ్లీ యాడ్ వచ్చిందని బాధపడేది. చివరికి హోమ్ స్క్రీన్‌లో స్మార్ట్‌ట్యూబ్‌ను మొదటి గడిలోకి జరిపి, రిమోట్ మీద హోమ్ బటన్‌కు ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి అంటించాను. బొట్టు నొక్కి ఓకే కొట్టాలి, అంతే. బిళ్ల అరిగినప్పుడల్లా అమ్మే కొత్తది అంటించుకుంటుంది.

యూట్యూబ్ లోపల ఏదైనా మార్చినప్పుడు వీడియోలు తెరుచుకోవు, చక్రం తిరుగుతూ ఉంటుంది. కొత్త అప్‌డేట్ వచ్చేదాకా ఆగాలి. ఇంట్లో అప్‌డేట్ కొట్టేవాళ్లు ఒకరుండాలి.

అసలు టెన్షన్ పెట్టింది 2025 నవంబర్ చివరలో. డెవలపర్ సైనింగ్ కీ, అంటే యాప్ అసలుదో కాదో తేల్చే డిజిటల్ ముద్ర, వేరేవాళ్ల చేతిలో పడింది. హానికరమైన కోడ్ కలిసిన వెర్షన్ బయటికి వచ్చింది. హానికర యాప్‌లను పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ జనం టీవీల్లో ఆ యాప్‌ను ఆపేసింది. నేను కాజీపేటలో ఆఫీసులో ఉన్నాను, అమ్మ ఫోన్. "టీవీల ఏందో రాసి అచ్చింది, అది తీసెయ్యమంటాంది." తీసెయ్యి అన్నాను. సాయంత్రం ఇంటికి రాగానే గూగుల్ ఖాతాలో ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి రద్దు చేసి, పాస్‌వర్డ్ మార్చాను. డెవలపర్ కొత్త కీతో యాప్ విడుదల చేశాక కూడా కొన్ని వారాలు ఆగి, అప్పుడు వేశాను. ఇప్పుడు అందులో ఉన్నది టీవీ కోసమే తెరిచిన ఖాతా. దానికి మెయిల్స్ లేవు, ఫొటోలు లేవు, బ్యాంకుతో సంబంధం లేదు. ఈ పని మొదటిరోజే చేయాల్సింది. మీరు మాత్రం మొదటిరోజే చేయండి.

ఇంకోటి చెప్పకపోతే తప్పవుతుంది. ఇలా యాడ్స్ ఆపడం యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం. పైగా యాడ్ డబ్బులో వీడియో తీసినవాళ్లకూ వాటా ఉంటుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో అంత దూరం వచ్చిందంటే ఆ ఆదాయానికీ అందులో పాత్ర ఉంది. అమ్మ రోజూ చూసే ఒగ్గుకథల ఛానల్ చాలా చిన్నది. వాళ్ల డోలు దెబ్బ వింటూ వాళ్ల కూడు కొట్టడం నాకు నచ్చలేదు. అందుకే ఆ ఛానల్‌లో జాయిన్ నొక్కి నెలనెలా కొంత కడుతున్నాను. నా వంతుగా అది సరిపోతుందో లేదో గానీ, కట్టకుండా ఉండలేను.

ఈ ఏడు జనవరి 29న సమ్మక్క గద్దెకు వచ్చేటప్పుడు లైవ్ చూసింది నేనే. అమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యాక పట్టుబట్టి మేడారం పోయింది. గంటల తరబడి ఒక్క యాడ్ లేకుండా చూశాను, ఆ జనంలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని.

కరీంనగర్‌లో మా అక్క తన టీవీకీ ఇదే పెట్టమంది. పెట్టలేదు. బావ దుబాయ్‌లో ఉంటాడు, పిల్లలు చిన్నవాళ్లు, నవంబర్‌లో జరిగినట్టు మళ్లీ జరిగితే చూసుకునేవాళ్లు లేరు. నెలనెలా డబ్బు కట్టి యాడ్స్ లేకుండా చూసే యూట్యూబ్ ప్రీమియం తీసుకోమన్నాను. ఒక్కరికి నెలకు 129 ఉన్నది 2024 ఆగస్టులో 149 అయింది, కుటుంబ ప్లాన్ 189 నుంచి 299కి పోయింది. 89 రూపాయల లైట్ ప్లాన్ కూడా వచ్చింది కానీ మ్యూజిక్ వీడియోలకు అందులో యాడ్స్ ఉంటాయి. అక్క ఇంట్లో పొద్దున భక్తి పాటలు, సాయంత్రం జానపదాలు. అందుకే 149దే తీసుకుంది.