మొటిమలకు యాంటీబయాటిక్ జెల్: ఎర్రవాటికి సరే, నల్లచుక్కలకు దండగ

మార్కులు ముందే వేసేస్తాను. క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే ఉన్న ఒక శాతం జెల్‌కి ఐదుకి రెండున్నర. అదే క్లిండామైసిన్‌లో బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా కలిపి వచ్చే జెల్‌కి ఐదుకి నాలుగు. రెండూ నా మొహం మీదే వాడాను, రెండూ డాక్టర్లు రాసిచ్చినవే. ఏ కంపెనీది అన్నది పక్కన పెడుతున్నాను. మందు పేరు, శాతం ఒకటే అయితే పని కూడా ఇంచుమించు ఒకటే.

నా మొటిమలు ఎలాంటివో చెప్పకపోతే ఈ మార్కులకి అర్థం ఉండదు. ముప్పై దాటాక మొదలయ్యాయి. చదువుకునే రోజుల్లో నున్నగా ఉన్న మొహం. ఇప్పుడేమో దవడ పొడుగునా, గడ్డం కింద ఎర్రగా ఉబ్బిన మొటిమలు. ముట్టుకుంటే సలుపు. కొన్నిటికి కొసన తెల్లగా చీము. ఇవి కాక ముక్కు మీదా నుదుటి మీదా ఎప్పటినుంచో పాతుకుపోయిన నల్లచుక్కలు, అంటే బ్లాక్‌హెడ్స్. నాది బట్టలు కుట్టే పని. రోజంతా పక్కనే నిలువుటద్దం, ఎదురుగా కొలతలిచ్చే మనుషులు. చెయ్యి చాపి నిలబడినవాళ్లకి నా గడ్డం తప్ప చూడటానికి ఇంకేం ఉంటుంది? "ఏంటండీ మొహం అలా అయింది?" అని అడగనివాళ్లు తక్కువ.

మొదట రాసిచ్చింది ఉత్త క్లిండామైసిన్ జెల్. చూడటానికి నీళ్లలా తేటగా, రాస్తే చల్లగా ఉంటుంది, నిమిషంలో ఆరిపోతుంది, వాసన లేదు. దీని మీద పౌడర్ వేసుకున్నా ఉండలు కట్టదు. వాడటానికి ఇంత సుఖమైన మందు ఇంకోటి లేదు. ఇదే మందు ద్రావణంగా, లోషన్‌గా కూడా వస్తుంది. ద్రావణంలో సాధారణంగా ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పగిలిన చర్మం మీద చురుక్కుమంటుంది. పొడి చర్మం ఉన్నవాళ్లకి లోషన్ నయం.

పని విషయానికొస్తే, మొదటి వారాల్లో పెద్ద తేడా ఏమీ లేదు. నెల దాటేసరికి కొత్తగా వచ్చేవాటి ఎరుపు, నొప్పి తగ్గాయి. చీము పట్టేవి బాగా తగ్గాయి. ముక్కు మీది నల్లచుక్కలు మాత్రం ఒక్కటి కూడా కదల్లేదు. ఆ తర్వాత దవడ మీదివి మళ్లీ మెల్లగా మొదలయ్యాయి, జెల్ మానకుండా రాస్తున్నా సరే.

ఎందుకిలా అని చర్మ డాక్టర్‌ని అడిగితే ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. మొటిమ అంటే అచ్చంగా ఇన్ఫెక్షన్ కాదు. చర్మంలో ఊరే జిడ్డు, రాలాల్సిన మృతకణాలు కలిసి రంధ్రం మూసుకుపోతుంది. అదే నల్లచుక్క, తెల్లచుక్క. మూసుకుపోయిన చోట క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరిగి, చుట్టూ వాపు వస్తే అది ఎర్ర మొటిమ. ఈ బాక్టీరియాని 2016 వరకు ప్రోపియోనీబాక్టీరియం అనేవాళ్లు, పాత అట్టపెట్టెల మీద ఆ పేరే కనబడొచ్చు. ఇది అందరి చర్మం మీదా ఉండేదే, మురికిగా ఉన్నవాళ్లకే వస్తుందన్నది ఉత్త మాట. క్లిండామైసిన్ ఆ బాక్టీరియా ప్రొటీన్లు తయారు చేసుకునే రైబోజోమ్‌ని పట్టుకుని పని ఆపేస్తుంది, వాపునీ కొంత తగ్గిస్తుంది. అంతే. మూసుకున్న రంధ్రాన్ని తెరవదు, జిడ్డు తగ్గించదు. నల్లచుక్కలకి యాంటీబయాటిక్ రాయడం చిరిగిన బట్టకి ఇస్త్రీ చేసినట్టే.

ఇక తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం. దాని వెనక ఉండదగ్గది రెసిస్టెన్స్. ఒక్క యాంటీబయాటిక్‌నే నెలల తరబడి రాస్తే, దానికి లొంగని బాక్టీరియా మిగిలి అవే పెరుగుతాయి. మొటిమల బాక్టీరియానే కాదు, చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ లాంటివి కూడా మొండికేస్తాయి. క్లిండామైసిన్‌కి లొంగనివి చాలాసార్లు ఎరిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కీ లొంగవు, ఎందుకంటే రెండూ పట్టుకునేది ఒకే చోట. కాబట్టి ఈ ట్యూబ్ పని చెయ్యలేదని ఆ ట్యూబ్‌కి మారితే ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. రెండూ కలిపి రాయడం అసలు పనికిరాదు, ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2021లో, అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండూ ఒకే మాట చెబుతాయి: మొటిమలకి పైపూత యాంటీబయాటిక్‌ని ఒంటరిగా వాడకండి. నేను కోసిన రెండున్నర మార్కులూ ఇందుకే. మందు చెడ్డది కాదు, ఒంటరిగా పెట్టడం తప్పు.

రెండో ట్యూబ్‌లో ఉన్న జోడీ బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది యాంటీబయాటిక్ కాదు. రంధ్రంలోకి దిగి ఆక్సిజన్ వదిలి బాక్టీరియాని చంపుతుంది. ఈ దెబ్బకి బాక్టీరియా అలవాటు పడినట్టు ఇంతవరకు కనబడలేదు. పైగా మూసుకున్న రంధ్రాలని కాస్త వదులు చేస్తుంది. తెల్లగా, కొంచెం చిక్కగా ఉంటుంది, ఆరాక చర్మం పట్టేసినట్టు అనిపిస్తుంది. సుఖంలో మొదటిదానికి సాటి రాదు, ఫలితంలో మొదటిది దీనికి సాటి రాదు. మొటిమ వచ్చిన చోట చుక్క పెట్టడం కాదు, వచ్చే చోటంతా పల్చగా రాయాలని డాక్టర్ గట్టిగా చెప్పారు. మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. ఎక్కువ రాస్తే ఎక్కువ తగ్గదు, ఎక్కువ మండుతుంది.

మొదట్లో పెదవుల మూలల్లో, ముక్కు పక్కన పొట్టు లేచింది. మాయిశ్చరైజర్ రాశాక జెల్ రాయమన్నారు, సర్దుకుంది. పెరాక్సైడ్ రెండున్నర శాతంతో మొదలుపెట్టడమే మేలు. ఐదు, పది శాతాలు దానికన్నా పెద్దగా ఎక్కువ చెయ్యవు, మంట మాత్రం పెంచుతాయి.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ఫిర్యాదు. ఈ జెల్ రంగు తినేస్తుంది. మరక పడటం కాదు, ఉన్న రంగు పోవడం. అందుకే ఎంత ఉతికినా, నానబెట్టినా ప్రయోజనం ఉండదు, అక్కడ తీసేయడానికి ఏమీ లేదు. నా ముదురు నీలం దిండు గలీబు మీద నారింజ రంగు చారలు పడ్డాయి. మెరూన్ తువ్వాలు అంచులో గులాబీ రంగు వచ్చింది. మెడ దగ్గర చెమట పట్టినప్పుడు కాలర్ లోపలి వైపు కూడా పాలిపోయింది. పైకి ఆరినట్టే ఉంటుంది కానీ చెమట తగిలితే మళ్లీ కదులుతుంది. నూలు బట్టలో వేసిన రంగులు, అందులోనూ ముదురువి, నా కళ్లముందు ముందుగా పోయాయి. ఇప్పుడు దిండుకీ, మొహం తుడుచుకోవడానికీ తెలుపే. రాశాక చేతులు సబ్బుతో కడగనిదే ఎవరి బట్టా ముట్టుకోను, కత్తెర కూడా పట్టుకోను. వెంట్రుకలకీ ఇదే సంగతి. కనుబొమల దాకా రాస్తే అవి రాగి రంగులోకి తిరుగుతాయి, గడ్డం పెంచే మగవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. బట్టల గురించి ట్యూబ్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. అది పెద్ద అక్షరాల్లో వేసుంటే నాలుగున్నర వేసేదాన్ని.

రంగు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. డాప్సోన్ జెల్ అని మొటిమలకి వేరే మందు ఉంది. దాన్నీ పెరాక్సైడ్‌నీ ఒకేసారి రాస్తే చర్మం, వెంట్రుకలు తాత్కాలికంగా పసుపు, నారింజ రంగులోకి మారవచ్చు. ప్రమాదం కాదు గానీ, చూసినవాళ్లకి టెన్షన్.

మా అక్క కూతురికి పదహారేళ్లు. "పిన్నీ, నీకు తగ్గిందిగా, ఆ ట్యూబ్ నాకిచ్చెయ్" అంది. ఇవ్వలేదు. దాని నుదుటి మీద ఉన్నవన్నీ నల్లచుక్కలు, చిన్న తెల్లచుక్కలు, ఎర్రది ఒక్కటీ లేదు. దానికి కావలసింది అడాపలిన్ లాంటి రంధ్రాలు తెరిచే మందు. డాక్టర్ కూడా అదే రాశారు. "నీకు అయిదు మందులు, నాకు ఒక్కటేనా!" అని అలిగింది, అది వేరే కథ. ఒకే సైజులో దగ్గర దగ్గరగా వచ్చి విపరీతంగా దురద పెట్టే పొక్కులైతే అసలు మొటిమలే కాకపోవచ్చు. ఫంగస్ వల్ల వచ్చే అలాంటివి యాంటీబయాటిక్‌తో ఇంకా ముదరవచ్చు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం మొటిమల మీద రాయకండి. నాలుగు రోజులు మొహం నున్నగా కనబడి, తర్వాత కొత్త మొటిమలు తెస్తాయి.

నా రెండో జెల్‌ని మూడు నెలల దగ్గర డాక్టరే ఆపించారు. మామూలుగా పన్నెండు వారాలకి చూసి, ఆపాలా వద్దా తేలుస్తారు. ఇప్పుడు రాత్రి అడాపలిన్, పగలు ఉత్త పెరాక్సైడ్ మీద నడుస్తోంది. అడాపలిన్ బదులు ట్రెటినాయిన్ వాడేవాళ్లు దాన్నీ పెరాక్సైడ్‌నీ ఒకే పూట రాయకపోవడం మంచిది, చాలా రకాల ట్రెటినాయిన్‌ని పెరాక్సైడ్ పాడుచేస్తుంది. అడాపలిన్‌తో ఆ గొడవ లేదు. క్లిండామైసిన్, పెరాక్సైడ్, అడాపలిన్ మూడూ కలిసిన జెల్‌కి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో అనుమతి ఇచ్చింది. మానిపోయిన చోట మిగిలిన గోధుమరంగు మచ్చలకి ఈ యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు. వాటికి సన్‌స్క్రీన్, ఓపిక.

ఎవరు దూరంగా ఉండాలి? యాంటీబయాటిక్స్ వల్ల పెద్దపేగు వాచినవాళ్లు, అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే పేగు జబ్బులు ఉన్నవాళ్లు క్లిండామైసిన్ పూతగా కూడా వాడకూడదు. చర్మం ద్వారా లోపలికి వెళ్లేది కొంచెమే అయినా, రాస్తున్న రోజుల్లో విరేచనాలు ఆగకుండా పట్టుకుంటే జెల్ ఆపి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. గర్భంతో ఉన్నవాళ్లు ఏ ట్యూబ్ మొదలుపెట్టే ముందైనా అడగాలి, అడాపలిన్, ట్రెటినాయిన్ అయితే ఆ సమయంలో వద్దు. లోపల గడ్డలు కట్టి గుంటలు పడే మొటిమలకి ఈ జెల్ ఒక్కటే చాలదు, ఆలస్యం చేస్తే గుంటలు ఉండిపోతాయి.

కలిపిన జెల్‌కి ఆయుష్షు తక్కువ. కొన్నిటిని మందుల షాపులో ఫ్రిజ్‌లోనే ఉంచి అమ్ముతారు, ఇంటికి తెచ్చాక రెండు మూడు నెలల్లో వాడేయాలి. అట్ట మీద ఎంత అని ఉందో చూసి, మూత తీసిన తేదీ ట్యూబ్ మీదే రాసుకోండి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి. సగం మిగిలింది కదా అని గడువు దాటాక రాస్తే, దాని మీద రాసి ఉన్నంత మందు లోపల ఉండదు.