గోమార్ల మందు: సీసాకు మంచి మార్కులే, దుకాణానికి కాదు

పరకాల వైపున్న మా ఊళ్లో మాకు రెండు జెర్సీ సంకర ఆవులు, ఒక ముర్రా బర్రె ఉన్నాయి. వానలు మొదలైన కొద్ది రోజులకే వాటి పొదుగు మీద, గంగడోలు మడతల్లో, తోక కింద గోమార్లు (పిడుదులు) ఆముదపు గింజలంత లావెక్కి వేలాడడం చూసి, హన్మకొండలోని ఒక పశువుల మందుల దుకాణంలో డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు సీసా కొన్నాను. ఆరు వారాలు వాడి చూసిన తరువాత ఇది రాస్తున్నాను.

మందు మీద నాకు ఫిర్యాదు లేదు. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, పశువులకు ముందుగా కడుపునిండా నీళ్లు తాపి, ఎండ తగ్గాక వెంట్రుకలకు ఎదురుగా ఒళ్లంతా తడిసేలా కొట్టాను. రెండో రోజు సాయంత్రానికి పొదుగు మీదివి కాళ్లు ముడుచుకొని, ఎండి, చీపురుకు అందేలా రాలిపడ్డాయి. చెవుల్లో మాత్రం పంపు పనికిరాదు, గుడ్డతో అద్దవలసిందే. ఆ పని చేయనివ్వక మా బర్రె నా కాలు తొక్కింది.

దుకాణం తీరు మాత్రం నచ్చలేదు. నీళ్లు ఎన్ని లీటర్లని అడగకుండానే అక్కడి అబ్బాయి "పంపుకు నాలుగు మూతలు పోయండి" అన్నాడు. పత్తికి పురుగుమందు కొట్టిన పంపును పశువులకు వాడకూడదన్న మాటే ఎత్తలేదు. సీసాతో వచ్చిన కాగితంలో అక్షరాలు ఎంత చిన్నవంటే, ఫోనులో ఫొటో తీసి పెద్దవి చేసుకుంటే తప్ప మోతాదు తెలియలేదు. "ఇది కొడితే ఇక జ్వరమే రాదు" అన్న అతని హామీ అన్నిటికంటే ప్రమాదకరం. ఈ మందు పైనున్న గోమారిని చంపుతుంది గాని, అది అప్పటికే నెత్తురులోకి ఎక్కించిన థైలీరియా అనే జ్వరం తెచ్చే సూక్ష్మజీవిని ఏమీ చేయలేదు. నిరుడు మా ఎర్రావుకు 105 డిగ్రీల జ్వరం వచ్చి, భుజం ముందరి బిళ్లలు నిమ్మకాయంత ఉబ్బి, పాలు సగానికి పడిపోయాయి. డాక్టరు గారు చెవి నుంచి నెత్తురు చుక్క తీసి పరీక్షించి, ఆ జ్వరానికి వాడే బుపార్వక్వోన్ ఇంజెక్షన్ వేస్తే గాని అది మేతకు రాలేదు. ఆ ఖర్చు ముందు ఈ సీసా ధర ఒక లెక్క కాదు.

మూడో వారంలో నువ్వుగింజంత పిల్ల గోమార్లు మళ్లీ కనబడితే మందు కల్తీదేమోనని మొదట అనుమానించాను. కాని తప్పు మందుది కాదు, పశువుల కొట్టానిదే. కడుపునిండా నెత్తురు తాగిన ఆడ గోమారి నేలమీద రాలి, పగుళ్లలో దూరి, రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. మట్టిగోడ నెర్రెలు పూడ్చి, సున్నం కొట్టి, పెంట దూరంగా వేసి, రెండో విడత మందు కొట్టాకే అవి తగ్గుముఖం పట్టాయి.

కొనేవారికి మరో మాట: ఇది చేపలకు విషం. మందు కొట్టిన పశువులను చెరువులోకి తోలకండి, పంపు కడిగిన నీళ్లు కాలువలో పోయకండి. రెండో సీసా కూడా ఇదే మందు తెచ్చుకున్నాను, దుకాణం మాత్రం మార్చాను.