సముద్రం మధ్య చెంబెడు మంచినీళ్లు: ఏ పరికరం మేలు?

కిందటి మార్చి నెలాఖరులో ఒక ఆదివారం ఐదుగురం బెజవాడ నుంచి నాగాయలంక వెళ్లి, ఫైబరు బోటు ఒకటి మాట్లాడుకుని కృష్ణ మొగ వైపు, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, బయలుదేరాం. తాగడానికి 20 లీటర్ల టిన్ను ఒకటే. దాని మూత బిగించాల్సింది మా బావ. గంట గడిచేసరికి టిన్ను పక్కకు దొర్లి ఉంది, మంచినీళ్లు పడవ అడుగున చేపల పొలుసుల్లో కలిసిపోయాయి. సరంగు ఇంజను చప్పుడు తగ్గించి, "చుట్టూ ఇన్ని నీళ్లున్నాయి, ఏం లాభమండీ" అంటూ తన సీసా అందించాడు. ఒడ్డు చేరేదాకా ఆ లీటరుతోనే ఐదుగురం గొంతు తడుపుకున్నాం.

ఆ రోజు నుంచి ఉప్పునీటిని మంచినీరు చేసే చిన్న పరికరాల పిచ్చి పట్టింది నాకు. ఏడాదిలో రెండింటిని స్వయంగా వాడాను, మూడోదాన్ని మేడ మీద పెట్టి చూశాను, మిగిలినవాటి లెక్కలు కాగితం మీద వేశాను. ధర, బరువు చూసి ఎంచుకుందామని మొదలుపెట్టాను గానీ, త్వరలోనే అసలు ప్రశ్న వేరని అర్థమైంది. లీటరు నీటికి మనం ఏమి చెల్లిస్తున్నాం? చెమటా, గ్యాసా, ఎండా, కరెంటా? ఉప్పును వేరు చేయడం ఉచితంగా జరిగే పని కాదు.

ముందు పనికిరానివి పక్కన పెడదాం. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు రెండు శాతానికి మించి ఉప్పును చిక్కబరచలేవు కాబట్టి, గ్లాసుడు సముద్రపు నీరు తాగితే దాన్ని బయటికి పంపడానికి అంతకు మించిన నీరు ఒంట్లోంచి పోతుంది. మరిగించి తాగుదామంటే ఉప్పు పోదు సరికదా, ఇంకా చిక్కబడుతుంది. శిబిరాలకు వెళ్లేవాళ్లు కొనే వడపోత సీసాలు, పీల్చుకునే గొట్టాలు బురదనూ సూక్ష్మజీవులనూ ఆపుతాయి. కరిగిపోయిన ఉప్పు వాటిలోంచి దర్జాగా దాటిపోతుంది. ఇంట్లో గోడకు వేలాడే ఆర్‌ఓ యంత్రాన్ని బ్యాటరీతో నడిపిస్తే చాలదా అని బావ అడిగాడు. చాలదు. ఆర్‌ఓ అంటే నీటిని దాటనిచ్చి ఉప్పును ఆపే సన్నటి పొర గుండా నీటిని ఒత్తిడితో నెట్టడం. సముద్రపు నీటిని అలా నెట్టాలంటే ముందుగా 27 బార్ల (బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) దాకా ఉండే సహజ పీడనాన్ని జయించాలి. పని సాఫీగా సాగాలంటే 55 బార్లయినా కావాలి. ఇంటి ఆర్‌ఓ మోటారు ఇచ్చేది ఐదు నుంచి ఏడు బార్లు. మునిసిపాలిటీ నీళ్లకూ బోరు నీళ్లకూ సరిపోయే యంత్రం సముద్రం ముందు చేతులెత్తేస్తుంది.

ఆ 55 బార్లను మనిషి చేతితో పుట్టించేదే చేతిపంపు ఆర్‌ఓ. మా పెదనాన్నగారి అబ్బాయి ఓడల్లో ఇంజనీరు. ఆయన దగ్గర ఇలాంటిది ఒకటి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఇస్తూ ఇస్తూ, "తమ్ముడూ, ఇది పిక్నిక్ సామాను కాదురా, లైఫ్ బోటు సామాను" అన్నాడు. నిజమే. ఓడల ప్రాణరక్షణ పడవల్లో మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు ఉండాలని అంతర్జాతీయ నిబంధన. అందులో రెండు లీటర్లకు బదులుగా, రెండు రోజుల్లో అంత నీటిని తీయగల చేతి ఆర్‌ఓ పరికరాన్ని పెట్టుకోవచ్చు. మూడో లీటరు మాత్రం నీళ్లుగానే ఉండి తీరాలి. నిబంధన రాసినవాళ్లు కూడా పరికరాన్ని పూర్తిగా నమ్మలేదన్నమాట.

మే నెలలో బాపట్ల దగ్గర సూర్యలంకకు తీసుకెళ్లాను. అలల్లో గొట్టం పెడితే ఇసుక లాగేస్తుంది, అందుకని బకెట్టులో సముద్రపు నీరు పట్టి, ఇసుక అడుక్కి దిగాక సరుగుడు చెట్ల నీడలో కూర్చున్నాను. ఒక గొట్టం నీటిని లోపలికి పీలుస్తుంది, రెండోది చిక్కటి ఉప్పునీటిని బయటికి వదులుతుంది, పెన్ను రీఫిలంత సన్నటి మూడోదాంట్లోంచి మంచినీళ్లు వస్తాయి. వస్తాయి అనడం కంటే పుడతాయి అనాలి. మొదటి కొన్ని నిమిషాల నీటిని పారబోయాలి, అందులో పొరను కాపాడే మందు ఉంటుంది. ఆ తర్వాత గ్లాసు అడుగున ఒక్కో చుక్కే చేరుతుంటే, పాలు పొంగడం కోసం పొయ్యి దగ్గర కాపలా ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

ఈ తరగతిలో పేరున్న కటాడిన్ సర్వైవర్ 06 లెక్కలు చూస్తే సంగతి తెలుస్తుంది. బరువు 1.13 కిలోలు. నిమిషానికి 40 సార్లు నొక్కితే గంటకు 0.89 లీటరు. అంటే 2,400 నొక్కులకు లీటరు కూడా రాదు, ఒక్కో నొక్కుకు ఏడెనిమిది చుక్కలు. ఇప్పుడు చెమట లెక్క వేయండి. మే నెల ఎండలో ఇలాంటి పని చేసే మనిషి ఒంట్లోంచి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. పంపు ఇచ్చిన నీరంతా పంపు కొట్టినందుకే ఖర్చు! నేను కొట్టిన పంపు కంపెనీ వేరు గానీ పరిమాణంలో దీనికి తోబుట్టువే. గంట తర్వాత నా చొక్కా పిండితే ఎక్కువ నీళ్లు వచ్చేవి. అదే పంపును రాత్రి తొమ్మిదింటికి గాలి తిరిగాక, మనిషికి పది నిమిషాలు వంతులేసుకుని కొడితే నీళ్లు మిగిలాయి. చేతిపంపు కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: మన తీరంలో దాన్ని పగలు వాడకండి.

దాని అన్న సర్వైవర్ 35 గంటకు 4.5 లీటర్లు ఇస్తుంది, బరువు 3.2 కిలోలు, నొక్కులు నిమిషానికి 30. ఇక్కడ చెమట పోగా నీళ్లు గట్టిగా మిగులుతాయి. అయితే చిన్నది అమెరికాలోనే వెయ్యి డాలర్లకు పైమాట, పెద్దది రెండు వేలు దాటుతుంది. తెప్పించుకుంటే సుంకం అదనం.

నీటి నాణ్యత సంగతి. ఈ పంపులు సగటున 98.4 శాతం ఉప్పును ఆపుతాయి. వినడానికి గొప్పగా ఉంది. కానీ 35,000 మిల్లీగ్రాముల్లో మిగిలిన 1.6 శాతం అంటే లీటరుకు 560 మిల్లీగ్రాములు. తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కోరుకునే హద్దు 500, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటుంది. నేను తీసిన నీటిలో టీడీఎస్ మీటరు (కరిగిన లవణాలను కొలిచేది) 610 చూపింది. నాలుక చివర కొద్దిగా బోరు నీటి రుచి, అంతే.

పొర మాత్రం మహా సుకుమారం. క్లోరిన్ తగిలితే పాడవుతుంది, నూనె తగిలితే పాడవుతుంది, ఎండిపోతే పాడవుతుంది. మొదటిసారి అన్నయ్యే మందు నీళ్లు ఎక్కించి ఇచ్చాడు. రెండోసారి వాడాక ఆ పని నేను చేయాలి. రేపు చేద్దాంలే అని అటక మీద పెట్టాను. మూడు నెలల తర్వాత దించి చూస్తే మీటరు 2,300 చూపింది, నోట్లో పోసుకుంటే మజ్జిగలో ఉప్పు ఎక్కువైనట్టుంది. అన్నయ్యకు ఫోను చేసి చెప్పడానికి వారం పట్టింది.

రెండో పద్ధతికి అటక భయం లేదు. అది నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరుగా పట్టుకోవడం. ఐదు లీటర్ల కుక్కరు, విజిలు తీసిన చోట బిగించిన గొట్టం, ఆ గొట్టాన్ని చుట్టలుగా ముంచిన బకెట్టు. ఏసీ మెకానిక్ దగ్గర రాగి గొట్టం దొరుకుతుంది, నేనూ దానితోనే మొదలుపెట్టాను గానీ స్టీలు గొట్టం మేలు. డాబా మీద పరీక్ష చేస్తుంటే పక్కింటి మాస్టారు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "బట్టీ పెట్టారేమిటండీ!" అన్నారు. ఆయన అనుమానం సమంజసమే, సారా బట్టీకీ దీనికీ సూత్రం ఒకటే. సముద్రపు నీళ్లేనని నమ్మించడానికి ఆయన చేత ఒక చుక్క నాకించాల్సి వచ్చింది.

దీని ఖర్చు గ్యాసు. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగించి, ఆవిరిగా మార్చడానికి దాదాపు 2,550 కిలోజౌళ్ల వేడి కావాలి. పొయ్యి మంటలో సగమే గిన్నెకు అందుతుంది కాబట్టి లీటరుకు 110 గ్రాముల గ్యాసు. ఐదు కిలోల చిన్న సిలిండరుతో 45 లీటర్లు. నాకు లీటరు రావడానికి ముప్పావు గంటకు పైనే పట్టింది. ఈలోగా బకెట్టులో నీళ్లు చేయి పెట్టలేనంత కాగిపోయాయి, మధ్యలో మార్చకపోతే గొట్టం చివర నీళ్లకు బదులు ఆవిరే వస్తుంది. సముద్రం పక్కనే ఉంటుంది గనుక తీరంలో అది పెద్ద సమస్య కాదు. వచ్చిన నీటి టీడీఎస్ పదికి లోపే. పొర లేదు, మందు లేదు, బురద నీటికైనా జంకదు. సరుగుడు పుల్లలు దొరికేచోట గ్యాసు కూడా అక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు తప్పవు. కుక్కరులో సగానికి మించి నీరు పోయకండి. నురగ గొట్టంలోకి ఎక్కితే ఉప్పూ వెంట వస్తుంది, గొట్టం మూసుకుపోతే ప్రమాదం, అందుకే సేఫ్టీ వాల్వు తీసేయకూడదు. పెట్రోలు డబ్బా పక్కన పెట్టుకున్న పడవలో మంట మాటే ఎత్తొద్దు. కాబట్టి ఇది ఒడ్డు మీద గుడారానికే.

ఎండ సంగతికి వస్తే, బెజవాడను బ్లేజ్‌వాడ అని వెక్కిరిస్తారు కదా, ఆ ఎండతోనే నీళ్లు తీయలేమా? తీయొచ్చు. చిలీలోని లాస్ సలినాస్ గనుల దగ్గర 1872లోనే చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు 4,700 చదరపు మీటర్ల గాజు పెట్టెలతో రోజుకు 20 వేల లీటర్లకు పైగా తీశాడు. భాగిస్తే చదరపు మీటరుకు నాలుగున్నర లీటర్లు. ఇప్పటికీ ఆ అంకె పెద్దగా మారలేదు. మంచి ఎండ రోజున చదరపు మీటరు మీద ఆరు యూనిట్ల శక్తి పడుతుందనుకుంటే, లీటరును ఆవిరి చేయడానికే యూనిట్లో మూడింట రెండు వంతులు పోతుంది. గాలికీ అద్దానికీ పోయేది పోగా మిగిలేది మూడు నాలుగు లీటర్లు. పడవల కోసం అమ్మే గాలి బంతి లాంటి సౌర పరికరాలు ఇంకా చిన్నవి, రోజుకు అర లీటరు నుంచి రెండు లీటర్లు. మేడ మీద నేను చేసిన పెట్టె రోజంతా ఎండి ఒక చెంబు ఇచ్చింది. ఇసుకలో గుంట తవ్వి ప్లాస్టిక్ షీటు కప్పే చిట్కా మీద ఆశలు పెట్టుకోకండి.

కరెంటు యంత్రాలు వేరే లోకం. 12 వోల్టులతో నడిచే పవర్ సర్వైవర్ 40ఇ నాలుగు ఆంపియర్లు తీసుకుని గంటకు 5.7 లీటర్లు ఇస్తుంది. లీటరుకు ఎనిమిదిన్నర వాట్ అవర్లు, ఒక సోలార్ పలక చాలు. బరువు 11 కిలోల పైన. రెయిన్‌మ్యాన్ లాంటి పెట్రోలు యంత్రాలు గంటకు 100 లీటర్లు దాటిస్తాయి. వారాల తరబడి సముద్రం మీద ఉండే పడవకు అవే న్యాయం, ఆదివారం షికారుకు కాదు. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థ 2022లో చూపిన సూట్‌కేసు యంత్రానికి ఫిల్టర్లే లేవు, పది కిలోల లోపు బరువు, లీటరుకు 20 వాట్ అవర్లు. కానీ గంటకు 0.3 లీటరే.

మన దగ్గర మరో చిక్కుంది. మొగలో నీళ్లు పూటకో రకం. ఆటు సమయంలో, అందులోనూ ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో నది నీరు దిగి ఉప్పు తగ్గుతుంది, చేతిపంపుకు శ్రమ తగ్గుతుంది. అదే నీటిలో ఒండ్రు ఉండి వడపోతను పూడ్చేస్తుంది. పోటు సమయంలో నీరు తేటగా ఉంటుంది, కానీ ఉప్పగా ఉంటుంది. నేనైతే ఆటు నీటిని రాత్రంతా బకెట్టులో ఉంచి, పొద్దున తేరిన పైనీటిని గుడ్డతో వడగట్టి వాడతాను. రొయ్యల చెరువుల కాలువల్లో మాత్రం గొట్టం పెట్టకండి. చెరువులకు చల్లే బ్లీచింగ్ పొరకు విషం. రేవుల్లో డీజిల్ తెట్టె ఉన్నచోట ఏ పరికరమూ వద్దు, కుక్కరు కూడా. డీజిల్ ఆవిరి నీటితో పాటే వచ్చేస్తుంది.

నా ఎంపిక ఇది. సూర్యలంకలోనో హంసలదీవి దగ్గరో ఒకటి రెండు రాత్రులు గుడారం వేసేవాళ్లు నీళ్లు మోసుకెళ్లడమే నయం, మా వీధిలో 20 లీటర్ల టిన్ను 20 రూపాయలు. తోడుగా కావాలంటే కుక్కరు గొట్టం పెట్టుకోండి. ఒడ్డు కనపడనంత దూరం వెళ్లే చిన్న పడవకు చేతిపంపు. డబ్బుంటే 35, లేకపోతే 06. అదీ నీళ్లకు బదులుగా కాదు, నీళ్లతో పాటు. సౌర పెట్టె సరదాకి.

కార్తీకంలో, పంపును నేను అటకెక్కించక ముందు, మళ్లీ అదే బోటులో వెళ్లాం. ఈసారి ఒక్క టిన్నుకు బదులు పది లీటర్లవి రెండు, తాడుతో కట్టి, మూతలు నేనే బిగించాను. సరంగు పంపును చూసి ముచ్చటపడి తానూ కొడతానన్నాడు. పావుగంట తర్వాత గ్లాసులో సగానికి పైగా నీళ్లు చేరాయి. ఒక గుక్క తాగి, "ఉప్పు లేదు గానీ మన నీళ్లలా లేవండీ" అని మిగిలినవి పారబోయడానికి గ్లాసు వంచుతూ, ఇంతకీ దీని ఖరీదెంత అని అడిగాడు. చెప్పాను. గ్లాసు నిటారుగా పట్టుకుని, చివరి చుక్క దాకా తాగేశాడు.